చందుర్తి యుద్ధం సముద్రం మీద గెలిచారు

అందరికీ నమస్కారమండి. మే నెల, సాయంత్రం ఐదు గంటలు, ఈ ఉక్కలో కూడా హాలు నిండిందంటే సంతోషమే. వెనక బెంచీల్లో కూర్చున్న కుర్రాళ్ళు నేవీ పరీక్షకి తయారవుతున్నారని, జనరల్ నాలెడ్జికి పనికొస్తుందని వచ్చారని ఇందాక గ్రంథపాలకులు గారు చెవిలో చెప్పారు కాబట్టి తేదీలు కాస్త జాగ్రత్తగా చెప్తాను. కరపత్రం మీద ‘నావికా యుద్ధాలు, చరిత్ర గతి’ అని పెద్ద పేరే వేశారు. పాత గ్రీకుల సాలమిస్ యుద్ధం నుంచి మొదలెట్టి వరసగా చెప్పుకుంటూ పోతే రాత్రి భోజనాల వేళవుతుంది, పైగా అలాంటి జాబితాలు మీ ఫోన్లలోనే దొరుకుతాయి. నేను చందుర్తి నుంచి మొదలుపెడతాను.

చందుర్తి తెలుసుగా, పిఠాపురం దాటాక, గొల్లప్రోలు మండలం. అక్కడ సముద్రమూ లేదు, ఓడా లేదు, చుట్టూ చేలే. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషు వాళ్ళకీ ఫ్రెంచి వాళ్ళకీ జరిగిన యుద్ధంతో ఉత్తర సర్కారులు, అంటే మన గోదావరి జిల్లాలతో సహా, ఇంగ్లీషు వాళ్ళ చేతికి పోవడం మొదలైందని అందరం బళ్ళో చదువుకున్నాం. అది నిజమే. నేను చెప్పేదల్లా ఏమిటంటే, ఆ చేలో గెలిచినవాడు తన గెలుపు నిలబెట్టుకోగలడా లేదా అన్నది అంతకు నాలుగు నెలల ముందే, ఇక్కణ్ణించి ఎంతో దూరంలో, నాగపట్నం దగ్గర నీళ్ళ మీద చాలావరకు తేలిపోయింది. ఆ సముద్ర యుద్ధాల పేర్లు మన పాఠాల్లో ఉండవు. ఉన్నా ఎవరూ గుర్తుపెట్టుకోరు, ఎందుకంటే వాటిలో ఫిరంగి దెబ్బకి మునిగిన ఓడ ఒక్కటీ లేదు.

కథ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఏలూరు, రాజమండ్రి, ముస్తఫానగర్, శ్రీకాకుళం సర్కార్లని ఫ్రెంచి వాళ్ళకి రాసిచ్చాడు, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం ఖర్చుల కింద. 1757లో బొబ్బిలి యుద్ధం, అది చెప్పక్కర్లేదు, మనవాళ్ళకి బుర్రకథలతోనే వచ్చేసింది. అదే ఏడు బుస్సీ మన డెల్టాలో ఉన్న ఇంగ్లీషు వాళ్ళ కోఠీలన్నీ, ఇంజరం, బండమూర్లంక, నరసాపురం పక్కన మాధవాయపాలెం, ఆపైన విశాఖపట్నం కూడా, లాగేసుకున్నాడు. 1758 మొదట్లో చూస్తే ఇక్కడ ఇంగ్లీషు వాడికి నిలబడ్డానికి జానెడు చోటు లేదు. ఇంకో ఏడాదిన్నర తిరిగేసరికి ఫ్రెంచి వాడికి లేకుండా పోయింది.

మధ్యలో జరిగినవి రెండు. ఒకటి, పుదుచ్చేరికి కొత్తగా వచ్చిన ఫ్రెంచి సేనాని లాలీ, బుస్సీని ఇక్కణ్ణించి వెనక్కి పిలిపించుకున్నాడు. పిలిపించి ఆయన చోట కాన్‌ఫ్లాన్స్ అనే ఆయన్ని పెట్టారు. బుస్సీ బొబ్బిలికి ఏం చేశాడన్నది పక్కన పెడితే, ఈ దేశంలో రాజుల్ని ఎలా పట్టుకోవాలో తెలిసినవాడు. కొత్తాయనకి అది తెలియదు. రెండోది, బొబ్బిలి తర్వాత తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు పోయాక విజయనగరం గద్దెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచి వాళ్ళ మీద తిరగబడి, విశాఖపట్నం పట్టుకుని, వచ్చి తీసుకోండి అని ఇంగ్లీషు వాళ్ళకి కబురు పెట్టాడు. మద్రాసు వాళ్ళు మా వల్ల కాదన్నారు. కలకత్తా నుంచి క్లైవ్ మాత్రం కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు.

ఎలా పంపాడు? ఓడల మీద. 1758 అక్టోబరు 20న ఫోర్డ్ విశాఖలో దిగాడు, మనుషులు, ఫిరంగులు, మందుగుండుతో సహా. దారిలో ఒక్క ఫ్రెంచి ఓడ అడ్డు రాలేదు. ఎందుకు రాలేదో అడగాలి కదా మనం! బంగాళాఖాతంలో అప్పటికి ఫ్రెంచి వాళ్ళకి మంచి నౌకాదళం ఉండాలి. ఏప్రిల్లో వచ్చింది కూడా. దాని అధిపతి దాషే. అతని మీదకి ఇంగ్లీషు అడ్మిరల్ పోకాక్ రెండుసార్లు వెళ్ళాడు, ఏప్రిల్ 29న కడలూరు ముందు ఒకసారి, ఆగస్టు 3న నాగపట్నం ముందు ఇంకోసారి. రెండుసార్లూ ఫ్రెంచి వాళ్ళకే ఓడలు ఎక్కువ. రెండుసార్లూ వరసగా బారులు తీరి, ఎదురూ బొదురూ నిలబడి, గంటల తరబడి కాల్చుకున్నారు. ఇంగ్లీషు వాడు ఓడ ఒంటి మీద కొడతాడు, మనుషులు చచ్చేలా. ఫ్రెంచి వాడు ఎక్కువగా తెరచాపల మీదా కొయ్యల మీదా కొడతాడు, ఎదటి ఓడ కదలకుండా. అందుకే యుద్ధం అయ్యాక తమాషాగా ఉండేది, ఫ్రెంచి ఓడల్లో శవాలు ఎక్కువ, కానీ అవి వెళ్ళిపోతున్నాయి. ఇంగ్లీషు ఓడల్లో మనుషులు ఉన్నారు, కానీ తాళ్ళు తెగి, చాపలు చిరిగి, వెంటపడ్డానికి లేదు. మొదటి యుద్ధం తర్వాత ఒక ఫ్రెంచి ఓడ ఒడ్డుకి కొట్టుకుని పోయింది, అంతే. ఆ రోజుల్లో పత్రికా విలేకరి ఎవడైనా ఉంటే ‘ఎవరూ గెలవలేదు’ అని రాసేవాడు.

అయితే రెండో యుద్ధం అయిన నెలకి దాషే తన ఓడల్ని తీసుకుని మారిషస్ వెళ్ళిపోయాడు. లాలీ బతిమాలాడు, తిట్టాడు, పుదుచ్చేరి పెద్దలంతా మొత్తుకున్నారు, వినలేదు. దాషేని పిరికివాడని తర్వాత చాలామంది రాశారు గానీ నాకు అంత తేలిగ్గా అనబుద్ధి కాదు. మన తీరం సంగతి ఆలోచించండి. మద్రాసు నుంచి ఇటు కాకినాడ దాకా అప్పుడు పెద్ద యుద్ధనౌక లోపలికొచ్చి నిలబడే రేవు ఒక్కటీ లేదు. మన కోరంగి ఏట్లోకి ఓడలు వచ్చేవి, ఇక్కడ బాగుచేసేవాళ్ళు, కొత్తవీ కట్టేవాళ్ళు, తాళ్ళరేవు ఒడ్డున ఈ మధ్య దాకా కొయ్య ఓడలు కట్టిన కుటుంబాల వాళ్ళు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. కానీ ఐదారు వందల మంది మనుషుల్నీ అరవై డెబ్భై ఫిరంగుల్నీ మోసే యుద్ధనౌక మన మొగలో ఇసుక మేట దాటి లోపలికి రావడం అయ్యే పని కాదు. అక్టోబరు వచ్చిందంటే ఈశాన్య గాలి, తుఫాన్లు, నడిసముద్రంలో లంగరు వేసి ఉంటే ప్రాణాల మీదకి వస్తుంది. ఇంగ్లీషు వాళ్ళకి బొంబాయిలో ఓడని పొడినేల మీద నిలబెట్టి అడుగు బాగుచేసుకునే డాక్ ఉంది. ఫ్రెంచి వాళ్ళకి ఈ వైపు అలాంటిదేమీ లేదు, వాళ్ళ దిక్కల్లా మారిషస్, అక్కడ చూస్తే ఓడల మీద మనుషులకి పెట్టడానికి సరిపడా తిండి కూడా పండదు. అంటే దాషేకి పెద్ద దెబ్బ తగలక్కర్లేదు. ఇక్కడ బాగుచేసుకోలేనంత దెబ్బ తగిలితే చాలు. పోకాక్ చేసింది అదే. ఒకసారి, రెండుసార్లు, మళ్ళీ మూడోసారి కూడా.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పి ముందుకెళ్తాను. సముద్ర యుద్ధం అనగానే మనకి మంటలు, మునిగే ఓడలు, నీళ్ళలో ఈదే మనుషులు కళ్ళముందు కనబడతారు, సినిమాల పుణ్యం. యుద్ధం ఫలితం మార్చేది అది కానే కాదు. ఆ యుద్ధం అయ్యాక, వచ్చే నెలలో, వచ్చే ఏడాదిలో, ఆ నీళ్ళ మీద ఎవడి ఓడ భయం లేకుండా రాగలుగుతుందో అదే మొత్తం లెక్క. కాలవకి లాకు తలుపు ఎవడి చేతిలో ఉందో చూస్తే శివారు చేలో పంట ఎవరిది పండుతుందో చెప్పొచ్చు కదా, లాకు దగ్గర జరిగిన గొడవలో ఎన్ని తలలు పగిలాయో లెక్కపెట్టక్కర్లేదు.

ఇప్పుడు చందుర్తికి రండి. ఫోర్డ్ దగ్గర తెల్లవాళ్ళు ఐదు వందల మంది లోపు, బెంగాల్ సిపాయిలు రెండు వేల మంది, ఆనందరాజు జనం వేరే. కాన్‌ఫ్లాన్స్ దగ్గర తెల్లవాళ్ళు ఐదు వందలు, సిపాయిలు ఆరు వేలు. ఫోర్డ్ తన తెల్లవాళ్ళని మధ్యలో నిలబెట్టాడు, వాళ్ళ ముందు ఏపుగా పెరిగిన చేను ఉంది, మనిషి కనపడడు. రెండు పక్కలా ఉన్న సిపాయిలు ఎర్ర కోట్లలో ఉన్నారు. ఫ్రెంచి వాళ్ళు ఆ ఎర్ర కోట్లని చూసి, ఇంగ్లీషు వాళ్ళంటే వీళ్ళే అనుకుని తమ తెల్ల దళాన్నంతా అటు తోలారు. సిపాయిలు వెనక్కి తగ్గారు, వీళ్ళు ఉత్సాహంగా వరస చెదిరి వెంటపడ్డారు, అప్పుడు చేలోంచి అసలు ఇంగ్లీషు దళం పక్క నుంచి బయటికొచ్చి కాల్చింది. అయిపోయింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి దాకా ఆగలేదంటారు.

యుద్ధం గెలిచాక ఫోర్డ్‌కి అసలు కష్టాలు మొదలయ్యాయి. ఆనందరాజు ఇస్తానన్న డబ్బు ఇవ్వలేదు. చాలా వారాలు కూర్చోబెట్టాడు. (ఇది చరిత్రలో చిన్న విషయం గానీ, మన వైపు వ్యవహారాలు తెలిసిన వాళ్ళకి నవ్వొస్తుంది.) ఎలాగో సర్దుబాటు చేసుకుని 1759 మార్చిలో మచిలీపట్నం కోట ముందుకి చేరాడు. కోట లోపల ఉన్న ఫ్రెంచి సైన్యం, బయట ముట్టడించిన ఇంగ్లీషు సైన్యం కంటే పెద్దది. వెనక నుంచి సలాబత్ జంగ్ పెద్ద సేనతో దిగి వస్తున్నాడు. జీతాలు లేక సొంత మనుషులే తిరగబడే టెన్షన్. మందుగుండు రెండు రోజులకి మాత్రమే ఉందని తెలిశాక, ఏప్రిల్ 7 రాత్రి, ఎవరూ నడవలేరని కోటవాళ్ళు వదిలేసిన బురద లోంచి కూడా ఒక దళాన్ని పంపి, ఫోర్డ్ తాడో పేడో తేల్చేశాడు. తెల్లారేసరికి కోట చేతికొచ్చింది.

సరిగ్గా వారం తర్వాత, ఏప్రిల్ 15న, పుదుచ్చేరి నుంచి రెండు ఫ్రెంచి ఓడలు సైనికులతో మచిలీపట్నం ముందుకి వచ్చాయి. కోట మీద జెండా మారిందని చూసి అట్నుంచటే గంజాం వైపు వెళ్ళిపోయాయి.

వారం! చూడండి. దాషే దళం ఆ శీతాకాలం బంగాళాఖాతంలో ఉండి ఉంటే ఆ ఓడలు రెండు కాదు పది వచ్చేవి, ఏప్రిల్లో కాదు జనవరిలోనే వచ్చేవి. అసలు ఫోర్డ్ విశాఖలో దిగేవాడే కాదేమో. అదే ఫిబ్రవరిలో మద్రాసులోనూ ఇదే కథ. డిసెంబరు నుంచి లాలీ మద్రాసు కోటని పట్టుబట్టి కొడుతున్నాడు, గోడ కూలగొట్టాడు, 1759 ఫిబ్రవరి 16 సాయంత్రం బొంబాయి వైపు నుంచి ఇంగ్లీషు ఓడలు కనబడ్డాయి, మర్నాటికల్లా లాలీ ముట్టడి ఎత్తేసి ఫిరంగులు కూడా వదిలేసి వెళ్ళిపోయాడు. రెండు నెలల శ్రమ, ఓడల చాపలు కనబడగానే నీళ్ళొదులుకున్నాడు.

ఓడకి అంత విలువ ఎందుకో చెప్పాలంటే చిన్న లెక్క వేసుకుందాం. ఒక మోస్తరు కంపెనీ ఓడ ఐదు వందల టన్నులు మోసేది. రెండెడ్ల బండి మీద మహా వేస్తే అర టన్ను. అంటే ఒక ఓడ తెచ్చే సరుకుకి వెయ్యి బళ్ళు కావాలి, రెండు వేల ఎడ్లు కావాలి, ఆ ఎడ్లకి మేత కావాలి, ఆ మేత మోయడానికి మళ్ళీ బళ్ళు. పైగా ఇది కాటన్ దొర ఆనకట్ట కట్టడానికి ఇంకా తొంభై ఏళ్ళ ముందు మాట. కాలవ గట్లు లేవు, వంతెనలు లేవు, గౌతమి ఒకటి, వైనతేయ ఒకటి, వశిష్ఠ ఒకటి, ప్రతి పాయా బల్లకట్టు మీద దాటాలి, వాన పడితే రేగడిలో చక్రం ఇరుసు దాకా దిగుతుంది. ఓడలు బళ్ళవుతాయని సామెతలో అనేస్తాం గానీ, బళ్ళని ఓడలు చేయడం ఏ సేనానికీ చేతకాలేదు.

మూడో యుద్ధం 1759 సెప్టెంబరు 10న. పోకాక్ దగ్గర తొమ్మిది, దాషే దగ్గర పదకొండు. మళ్ళీ అదే వరస, మళ్ళీ ఎవరి ఓడా మునగలేదు. దాషే పుదుచ్చేరి వచ్చి, కాస్త డబ్బు, కొద్దిమంది మనుషుల్ని దించి, మళ్ళీ వెళ్ళిపోయాడు. ఈసారి వెళ్ళినవాడు ఇక రాలేదు. 1760 జనవరిలో వందవాసిలో లాలీ ఓడాడు, బుస్సీ అక్కడే పట్టుబడ్డాడు. తర్వాత పుదుచ్చేరిని నేల మీదా నీటి మీదా మూసేశారు. 1761 జనవరి 1న పెద్ద తుఫాను వచ్చి కాపలా ఉన్న ఇంగ్లీషు ఓడల్ని చిందరవందర చేసింది, కొన్ని మునిగాయి, కొన్ని ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, వెయ్యి మందికి పైగా పోయారు. అంటే మూడు యుద్ధాల్లో దాషే చేయలేని పని గాలి ఒక్క రాత్రిలో చేసిపెట్టింది. ఏం లాభం? ఆ సందులో దూరడానికి ఫ్రెంచి ఓడ ఒక్కటీ లేదు. వారం తిరక్కుండా మిగిలిన ఇంగ్లీషు ఓడలు మళ్ళీ వచ్చి నిలబడ్డాయి. ఊళ్ళో గుర్రాలు, ఒంటెలు, కుక్కల దాకా తిని, జనవరి నడిమికి లొంగిపోయారు. లాలీని ఫ్రాన్సులో ద్రోహి అని 1766లో తల నరికారు. నా దృష్టిలో అది అన్యాయం. మనిషి నోటి దురుసువాడు, ఎవరితోనూ పడదు, అది వేరే సంగతి. ఓడ లేకుండా యుద్ధం చేసినందుకు తల తీయడం ఏమిటి?

ఇక్కడ మీకో చిక్కు పేరు. 1759 నవంబరు 20న ఫ్రాన్సు తీరంలోనే, కిబెరాన్ బే అనే చోట, తుఫాను గాలిలో, రాళ్ళ మధ్య, చీకటి పడే వేళ ఇంగ్లీషు అడ్మిరల్ హాక్ ఫ్రెంచి ప్రధాన నౌకాదళాన్ని చిత్తు చేశాడు. అక్కడ ఫ్రెంచి అధిపతి పేరు కూడా కాన్‌ఫ్లాన్సే! చందుర్తి ఆయన కాదు, వేరే మనిషి. పరీక్షలో కలిపేయకండి. ఆ యుద్ధంలో తప్పించుకున్న ఓడలు కొన్ని విలైన్ అనే ఏటి మొగలోకి, ఇసుక మేట మీదుగా, బరువు తగ్గడానికి ఫిరంగులు నీళ్ళలో పారేసి మరీ దూరాయి. దూరినవి ఏడాదికి పైగా బయటికి రాలేకపోయాయి. మొగ దాటడం ఎంత పనో అంతర్వేది, భైరవపాలెం వేటగాళ్ళకి నేను చెప్పాలా? ఇంగ్లండు మీద దండెత్తుదామనుకున్న ఫ్రాన్సు ఆలోచన అక్కడితో సరి. ఇక్కడికి కొత్త దళం పంపుతారన్న ఆశా దాంతోనే పోయింది. 1763లో పారిస్ ఒప్పందంలో యానాం, పుదుచ్చేరి లాంటివి తిరిగి ఇచ్చారు, వ్యాపారం చేసుకోమని. ఇప్పుడు ఇక్కడ ఆటో ఎక్కితే కాసేపట్లో వేరే ప్రభుత్వం, వేరే పెట్రోలు రేటు కనబడుతున్నాయంటే కారణం ఆ కాగితమే, 1954 దాకా అక్కడ ఫ్రెంచి జెండా ఎగిరింది.

సరే, ఇంగ్లీషు వాడు ప్రతిసారీ గెలిచాడా అంటే, లేదు. 1781 సెప్టెంబరు 5, అమెరికాలో చెసపీక్ బే అనే అఖాతం మొగ దగ్గర. లోపల యార్క్‌టౌన్‌లో ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ ఏడు వేల మందికి పైగా సైన్యంతో కూర్చుని, ఓడలొస్తాయి, సాయం తెస్తాయి అని చూస్తున్నాడు. వెస్టిండీస్ నుంచి ఫ్రెంచి అడ్మిరల్ ద గ్రాస్ ముందే వచ్చి మొగ మూశాడు. ఇంగ్లీషు ఓడలు 19, బయటికొచ్చి ఎదుర్కొన్న ఫ్రెంచి ఓడలు 24. రెండు మూడు గంటలు కాల్చుకున్నారు. ఆ పూట ఏ ఓడా మునగలేదు, దెబ్బతిన్న ఒకదాన్ని తర్వాత ఇంగ్లీషు వాళ్ళే తగలబెట్టుకున్నారు. కొన్ని రోజులు ఒకరినొకరు చూసుకుంటూ తిరిగి, ఇంగ్లీషు వాళ్ళు న్యూయార్క్ వెళ్ళిపోయారు. అంతే, పత్రికలకి ఇదీ సగం యుద్ధమే. అక్టోబరు 19న కార్న్‌వాలిస్ లొంగిపోయాడు. అమెరికా స్వాతంత్య్ర యుద్ధం అసలు అక్కడ తేలిపోయింది.

ఆ కార్న్‌వాలిస్ ఎక్కడ తేలాడో తెలుసుగా? 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు, 1802 నుంచి అదే పద్ధతి మన సర్కారు జిల్లాలకీ తెచ్చారు, శిస్తు కట్టలేని ఎస్టేట్లు వేలం, కొనుక్కున్నవాడు కొత్త జమీందారు, కింద రైతు గోడు వినేవాడు లేడు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఆ వ్యవహారం నడిచింది. మీ ఇళ్ళల్లో పాత దస్తావేజులు చూస్తే జమీందారీ కాలం నాటివి ఇంకా ఉంటాయి. చెసపీక్‌లో గాలి ఇంకోలా వీచి ఉంటే మనకి జమీందారీ వచ్చేది కాదని నేననను, ఇంకెవడో ఇంకేదో పెట్టేవాడు. ఒక మనిషి అక్కడ ఓడి ఇక్కడికి రావడం మాత్రం ఆ మొగ మూసుకోవడం వల్లే.

ఇంతసేపూ ఒక వైపు చెప్పాను, రెండో వైపు చెప్పకపోతే మోసం. సముద్రం మీద గెలిచినంత మాత్రాన యుద్ధం గెలిచినట్టు కాదు. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్లో నెల్సన్ 27 ఓడలతో 33 ఓడల మీదకి వెళ్ళి ఒక్క ఓడా పోగొట్టుకోకుండా గెలిచాడు, తాను పోయాడు. అక్కడికి ఆరు వారాలకి ఆస్టర్లిట్జ్‌లో నెపోలియన్ యూరప్‌ని తొక్కేశాడు. ఇంకో పదేళ్ళు యుద్ధం నడిచింది. ట్రఫాల్గర్ చేసిందల్లా నెపోలియన్‌కి ఇంగ్లండు దారి మూయడం. మిగతా పని స్పెయిన్లో, రష్యాలో, నేల మీద, ఇతరుల రక్తంతో జరిగింది. మన తీరంలోనూ శ్రీలంక ముందూ 1782, 83ల్లో సఫ్రెన్ అనే ఫ్రెంచి ఆయన ఇంగ్లీషు అడ్మిరల్ హ్యూస్‌తో ఐదుసార్లు తలపడ్డాడు. దాషే కంటే పది రెట్లు మొనగాడు, రేవు లేకపోతే ట్రింకోమలీ పట్టుకుని రేవు సంపాదించుకున్నాడు. చివరి యుద్ధం 1783 జూన్‌లో కడలూరు ముందు, లోపల ముట్టడిలో ఉన్నది ఎవరనుకున్నారు, మన పాత బుస్సీయే, ముసలివాడై మళ్ళీ వచ్చాడు. సఫ్రెన్ ఇంగ్లీషు ఓడల్ని తరిమి బుస్సీకి మనుషుల్ని దించాడు. కొద్ది రోజులకి కబురొచ్చింది, యూరప్‌లో జనవరిలోనే సంధి అయిపోయిందని! ఐదు యుద్ధాల కష్టం గాల్లో కలిసింది. ఇంకోటి, మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ఉత్తర సముద్రంలో జట్లాండ్ యుద్ధం. ఇంగ్లీషు వాళ్ళకి ఓడలూ ఎక్కువ పోయాయి, మనుషులూ ఆరు వేల పైన పోయారు, జర్మన్లకి రెండున్నర వేలు. జర్మన్లు గెలిచామని పండగ చేసుకున్నారు. కానీ మర్నాడు ఉత్తర సముద్రంలో తిరుగుతున్నది ఎవరి ఓడలు? ఇంగ్లీషువే. జర్మనీకి తిండి రాకుండా మూసిన తలుపు అలాగే ఉంది.

రష్యా, జపాన్ల మధ్య జరిగిన సుషిమా యుద్ధం గురించి కుర్రాళ్ళు అడుగుతారని తెలుసు. 1905 మే 27, 28. రష్యా దళం బాల్టిక్ నుంచి ఆఫ్రికా చుట్టూ తిరిగి, ఏడు నెలలు ప్రయాణం చేసి, తాము కాపాడాల్సిన పోర్ట్ ఆర్థర్ జనవరిలోనే పడిపోయాక, అలిసిపోయి జపాన్ ముంగిట్లోకి వచ్చింది. జపాన్ అడ్మిరల్ టోగో ఒక మధ్యాహ్నం, ఒక రాత్రిలో దాన్ని తుడిచేశాడు. సెప్టెంబరులో సంధి. ఓడలు గుంపుగా మునిగిన యుద్ధం కావాలంటే ఇది. దీని చప్పుడు మన రాజమండ్రి దాకా వినబడింది, ఆసియా వాడు యూరప్ వాణ్ణి కొట్టగలడన్న మాట అప్పటి చదువుకున్న కుర్రాళ్ళలో బాగా పాకింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడినప్పుడు, వందేమాతరం అన్నందుకు ట్రైనింగ్ కాలేజీలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుని వెళ్ళగొట్టినప్పుడు, ఆ గాలి ఇంకా ఉంది.

ఇప్పుడు కాకినాడ. 1942 ఏప్రిల్ 6. మన పెద్దవాళ్ళు బాంబులు పడ్డ ఏడు అని చెప్పేవాళ్ళు, పుట్టినరోజులు కూడా దాన్నిబట్టి చెప్పుకునేవాళ్ళు. ఆ రోజు ర్యూజో అనే జపాన్ విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ముందు రోజు, ఈస్టర్ ఆదివారం, జపాన్ అడ్మిరల్ నగుమో పెద్ద దళం కొలంబో మీద పడింది. ఏప్రిల్ 9న శ్రీలంక పక్కన ఇంగ్లీషు వాళ్ళ హెర్మీస్ అనే విమాన వాహక నౌకని ముంచేసింది. ఆ వారంలో బంగాళాఖాతంలో ఇరవై దాకా వర్తక నౌకలు మునిగాయి. తీరం పొడుగునా జనం మూటా ముల్లె కట్టుకుని లోపలి ఊళ్ళకి పోయారు. ఇంగ్లీషు నౌకాదళం ఆఫ్రికా వైపు సర్దుకుంది. కొన్ని వారాలపాటు మన సముద్రానికి యజమాని జపానే.

తర్వాత ఏమైంది మరి? ఎందుకు మళ్ళీ రాలేదు? సరిగ్గా రెండు నెలలకి, జూన్ 4న, పసిఫిక్ మధ్యలో మిడ్‌వే. అమెరికా వాళ్ళు జపాన్ రహస్య సంకేతాలు చదివేసి ముందే కాచుకుని ఉన్నారు. ఉదయం పది దాటి ఇరవై నిమిషాలప్పుడు, కిందగా వచ్చిన టార్పెడో విమానాల్ని కూల్చే పనిలో జపాన్ కాపలా విమానాలు నీళ్ళకి దగ్గరగా ఉన్నాయి. పై నుంచి డైవ్ బాంబర్లు దిగాయి. ఐదారు నిమిషాల్లో అకాగి, కాగా, సోర్యూ అనే మూడు జపాన్ విమాన వాహక నౌకలూ అంటుకున్నాయి. సాయంత్రానికి హిర్యూ కూడా. ఈ నాలుగింట్లో కాగా తప్ప మిగతా మూడూ ఏప్రిల్లో కొలంబో మీదకి వచ్చినవే. కాకినాడ మీదకి విమానాలు పంపిన ర్యూజో ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర మునిగింది. అంత పెద్ద విమాన వాహక దళం మళ్ళీ బంగాళాఖాతంలోకి రాలేదు. మిడ్‌వే జరక్కపోతే జపాన్ సైన్యం ఉప్పాడలో దిగేదా అంటే, నేను అనుకోను. చైనాలో కూరుకుపోయిన సైన్యం, దానికి అంత తెరిపి లేదు. కానీ మన రేవులకి ఓడలు రావడం, కలకత్తాకి సరుకులు చేరడం మాత్రం ఇంకా కష్టమయ్యేది. ఎక్కడి మిడ్‌వే, ఎక్కడి కాకినాడ రేవు అనిపిస్తుంది గానీ నీళ్ళు ఒకటే కదండీ.

ఇక గాజీ. ఇది చెప్పకుండా దిగితే మీరు నన్ను వదలరు. 1971లో తూర్పు పాకిస్తాన్‌ని సముద్రం వైపు మూయాలంటే మన దగ్గరున్నది విక్రాంత్ అనే విమాన వాహక నౌక. అది కూడా ఒక బాయిలర్ పగుళ్ళతో, పూర్తి వేగం అందుకోలేని విక్రాంత్. దాన్ని వెతుక్కుంటూ కరాచీ నుంచి గాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి మొత్తం దక్షిణం చుట్టి విశాఖ ముందుకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ల దగ్గర దాక్కుంది. విశాఖలోనే ఉందని నమ్మించడానికి తూర్పు నౌకాదళం వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత ఓడ చేత విక్రాంత్ పేరు మీద రేడియో సందేశాలు పంపించాడు, బజార్లో పెద్ద ఓడకి సరిపడా రేషన్ సరుకులు కూడా ఆర్డర్ పెట్టించాడు. నాకు ఈ రెండోది బాగా నచ్చుతుంది, గూఢచారి కూరగాయల బస్తాలు లెక్కపెట్టుకుంటాడని ఊహించడం మామూలు బుర్ర కాదు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ మొగలోనే గాజీ తొంభై మందికి పైగా మనుషులతో మునిగిపోయింది.

మర్నాటి నుంచి విక్రాంత్ విమానాలు కాక్స్‌ బజార్, చిట్టగాంగ్, ఖుల్నా రేవుల్ని కొట్టాయి. పశ్చిమాన మన క్షిపణి పడవలు కరాచీ మీద పడ్డాయి, నౌకాదళ దినం డిసెంబరు 4న చేసేది అందుకే. ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీకి నేల మీద మూడు వైపులా భారత సైన్యం, నాలుగో వైపు సముద్రం, ఆ సముద్రం మీద తనవాళ్ళ ఓడ రావడానికి లేదు, తను పోవడానికీ లేదు. డిసెంబరు 16న సుమారు 93,000 మంది లొంగిపోయారు. అమెరికా వాళ్ళ విమాన వాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చేసరికి పని దాదాపు అయిపోయింది. నేల మీద పోరాడిన ముక్తివాహినిని, మన జవాన్లని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు, పదమూడు రోజుల్లో ముగిసిన యుద్ధం పదమూడు వారాలు సాగకపోవడంలో ఆ మూసిన తలుపుకి పెద్ద వాటా ఉందంటున్నాను.

నా గొంతు అయిపోయింది, మీకు టీలు వచ్చినట్టున్నాయి. ప్రశ్నలుంటే అడగండి. గాజీ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకే, అంటే నీళ్ళలో పేలే బాంబులకే మునిగిందా, తన మందుపాతర తనకే తగిలిందా, లోపలే పేలుడు జరిగిందా అన్నది మాత్రం నన్ను తేల్చమనకండి, మన వాళ్ళదో మాట, వాళ్ళదో మాట, యాభై ఏళ్ళు దాటినా తెగలేదు. ముందు బెంచీలో మాస్టారు చెయ్యెత్తారు, మీరు కానివ్వండి.